4కే టీవీ కొంటే సీరియల్ కూడా 4కే అవుతుందా?

పండగ ఆఫర్లు మొదలయ్యాయంటే టీవీ షాపులో వినిపించే మొదటి ప్రశ్న ‘ఇది 4కేనా?’ అని. సోఫాకూ టీవీ గోడకూ మధ్య ఎన్ని అడుగులుందో కొలుచుకుని వచ్చేవాళ్లు మాత్రం అరుదు. ఆ కొలత లేకుండా ఈ ‘కే’ల సంగతి తేలదు.

ముందు చిన్న లెక్క. హెచ్‌డీ రెడీ పేరుతో అమ్మే 32 అంగుళాల టీవీల్లో సాధారణంగా అడ్డంగా 1366, నిలువుగా 768 పిక్సెళ్లుంటాయి. అంటే మొత్తం పదిన్నర లక్షలు. ఫుల్ హెచ్‌డీలో 1920, 1080. మొత్తం సుమారు 20.7 లక్షలు. 4కేలో రెండు వైపులా రెట్టింపు కాబట్టి దాదాపు 83 లక్షలు. 8కే అయితే 3.3 కోట్లు.

అపోహ: పిక్సెళ్లు నాలుగు రెట్లయితే బొమ్మ కూడా నాలుగు రెట్లు స్పష్టంగా ఉంటుంది.

వాస్తవం: టీవీ ఎన్ని చూపించినా కన్ను విడదీసి చూడగలిగినంతే లెక్క. చూపు మామూలుగా ఉన్నవాళ్లు డిగ్రీలో అరవయ్యో వంతు కోణం వరకు వివరాన్ని పట్టగలరు. 43 అంగుళాల ఫుల్ హెచ్‌డీ టీవీలో ఒక్కో పిక్సెల్ వెడల్పు అర మిల్లీమీటరు. దాదాపు అయిదున్నర అడుగులు దాటి కూర్చుంటే ఆ చుక్క పక్క చుక్కలో కలిసిపోతుంది. 55 అంగుళాల టీవీకి ఈ దూరం ఏడడుగులు, 65కి ఎనిమిదిన్నర. చూపు చురుకైనవాళ్లకు ఇంకొంచెం ఎక్కువ. మన అపార్ట్‌మెంట్ హాళ్లలో సోఫా ఒక గోడకు, టీవీ ఎదుటి గోడకు ఉంటాయి. మధ్యలో ఎనిమిదో తొమ్మిదో అడుగులు. అక్కడ కూర్చుని 43 అంగుళాల ఫుల్ హెచ్‌డీకీ 4కేకీ తేడా పట్టేవాళ్లు తక్కువ. ‘షాపులో తేడా కనిపించిందే’ అంటారు. కనిపిస్తుంది మరి. అక్కడ మూడడుగుల దూరంలో నిలబడి చూశారు. చూసింది ప్రత్యేకంగా తీసిన డెమో వీడియో, అదీ రంగులూ వెలుగూ బాగా పెంచిన షోరూమ్ మోడ్‌లో.

అపోహ: 4కే టీవీలో ఏది వేసినా 4కేలోనే వస్తుంది.

వాస్తవం: మామూలు ఎస్‌డీ ఛానెల్ పంపేది అడ్డంగా 720, నిలువుగా 576 పిక్సెళ్లకు మించదు. మొత్తం నాలుగు లక్షల పైచిలుకు. వాటితో 83 లక్షల గళ్లు నింపాలి. అంటే ఇరవై పిక్సెళ్లలో పందొమ్మిది టీవీలోని చిప్ అంచనా వేసి పూడ్చినవే. పావుశేరు పాలతో ఊరందరికీ కాఫీ కలిపినట్టన్నమాట. అందుకే ఎస్‌డీ సీరియల్ పాత చిన్న టీవీలో బాగుండి, కొత్త 55 అంగుళాల తెర మీద అలికినట్టు కనిపిస్తుంది. టీవీ లోపం కాదది. ఇక డీటీహెచ్‌లో వచ్చే హెచ్‌డీ ఛానెళ్లు చాలావరకు 1080 గీతల దగ్గరే ఆగిపోతాయి.

ఓటీటీల్లో 4కే ఉంది, కానీ దానికీ షరతులున్నాయి. నెట్‌ఫ్లిక్స్‌లో పై ధర ప్లాన్ తీసుకుంటేనే 4కే వస్తుంది. 15 ఎంబీపీఎస్ వేగం ఉండాలని ఆ సంస్థే చెబుతోంది. డేటా గంటకు 7 జీబీ దాకా ఖర్చవుతుంది. ఫోన్ హాట్‌స్పాట్ మీద టీవీ నడిపే ఇంట్లో ఇది పెద్ద ఖర్చే.

అపోహ: థియేటర్‌లో తెర అంత పెద్దది కాబట్టి అక్కడ 4కేకి తక్కువ ఉండదు.

వాస్తవం: 2022 ఆగస్టులో ‘పోకిరి’ 4కే షోల దగ్గర్నుంచి తెలుగు రాష్ట్రాల్లో రీ-రిలీజ్ పోస్టర్ మీద ‘4కే’ అని లేకపోతే వెలితిగా ఉంటోంది. అయితే చాలా థియేటర్లలో ఉన్నవి 2కే ప్రొజెక్టర్లే. డిజిటల్ సినిమా ప్రమాణాల ప్రకారం 2కే అంటే 2048, 1080; మన ఇంటి ఫుల్ హెచ్‌డీ కన్నా పిసరంత వెడల్పు. అంత పెద్ద తెర మీద అది చాలుతోందంటే మనం దూరంగా కూర్చుంటాం కాబట్టే. అలాగని రీ-రిలీజుల్లోని 4కే వట్టి మాటేం కాదు. ఫిల్మ్ నెగటివ్‌ను కొత్తగా స్కాన్ చేసి, గీతలూ మరకలూ తుడిచి, రంగులు సరిచేస్తే వచ్చే మెరుగు 2కే ప్రొజెక్టర్‌లోనూ తెలుస్తుంది. 35 ఎంఎం నెగటివ్‌లో ఫుల్ హెచ్‌డీకి మించిన వివరం దాగి ఉంటుంది మరి. చిత్రమేమిటంటే, అరవై ఏళ్ల కిందటి నలుపు తెలుపు సినిమాను నెగటివ్ బాగుంటే 4కేలో అందంగా చూడొచ్చు. పాతికేళ్ల కిందట వీడియో టేపు మీద తీసిన సీరియల్‌ను మాత్రం అలా తేలేం. టేపులో లేని వివరం ఎక్కణ్నుంచి వస్తుంది?

అపోహ: డబ్బా మీద ‘4కే సపోర్ట్’ అని ఉంటే అది 4కే టీవీ.

వాస్తవం: కొన్ని చవక టీవీల విషయంలో ఆ మాటకు అర్థం 4కే వీడియోను తీసుకోగలదని మాత్రమే. తెర ఫుల్ హెచ్‌డీదో, హెచ్‌డీ రెడీదో అయి ఉంటుంది. వివరాల పట్టికలో 3840, 2160 అంకెలున్నాయేమో చూడండి.

అపోహ: రిజల్యూషన్ పెరిగితే రంగులూ, నలుపూ, క్రికెట్ బంతి కదలికా అన్నీ బాగుపడతాయి.

వాస్తవం: వీటిలో ఏదీ పిక్సెళ్ల చేతిలో లేదు. నలుపు ఎంత నల్లగా ఉంటుందన్నది ప్యానెల్ రకాన్ని బట్టి, తెర వెనక దీపాల అమరికను బట్టి ఉంటుంది. బంతి వెనక తోక కనిపించడం ప్యానెల్ వేగానికి సంబంధించిన సంగతి. మధ్యాహ్నం కిటికీ తెరిచి ఉన్న హాల్లో మ్యాచ్ చూసేవాళ్లకు అన్నిటికన్నా అవసరమైనది వెలుగు. దాన్ని నిట్స్‌లో కొలుస్తారు. చవక 4కే టీవీల్లో అది 250, 300 దగ్గరే ఉంటుంది. అలాంటి టీవీ మీద, వెలుగునీడల తేడాను బాగా చూపే హెచ్‌డీఆర్ ముద్ర ఉన్నా ఆ మెరుపు తెర మీదకు రాదు. అసలు 55 అంగుళాల్లో ఇప్పుడు దొరికేవన్నీ దాదాపు 4కేలే కాబట్టి అక్కడ ‘4కేనా’ అని అడిగి లాభం లేదు. నిట్స్ ఎన్నని అడిగితే సేల్స్‌మన్ కాసేపు తడుముకోవచ్చు, అయినా అడగాల్సింది అదే. 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం కాదు, 18 శాతమే. ఆ మిగులును వెలుగు మీద పెట్టడం నయమని నా అభిప్రాయం.

8కే గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. జపాన్‌లో ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే 2018 డిసెంబర్ 1న 8కే ఛానెల్ మొదలుపెట్టింది. మన దగ్గర అలాంటి ఛానెల్ లేదు. ఒకవేళ వచ్చినా 65 అంగుళాల తెర మీద 4కేకీ 8కేకీ తేడా తెలియాలంటే నాలుగడుగుల లోపు కూర్చోవాలి.

అపోహ: బొమ్మ మసకగా ఉందంటే టీవీ మార్చే రోజులొచ్చినట్టే.

వాస్తవం: ముందు టీవీ వెనక్కి తొంగిచూడండి. సెట్‌టాప్ బాక్స్‌కు ఎరుపు, తెలుపు, పసుపు పిన్నుల పాత వైరే ఉంటే హెచ్‌డీ ఛానెల్‌కు డబ్బు కట్టి ఎస్‌డీ చూస్తున్నట్టు. ఆ పసుపు పిన్నులోంచి హెచ్‌డీ రాదు. హెచ్‌డీఎంఐ కేబుల్ వేసి, బాక్స్ సెట్టింగుల్లో అవుట్‌పుట్ 576 మీద ఉంటే 1080కి మార్చండి. ఆ కేబుల్‌కు బంగారు పూత అక్కర్లేదు.