ఘాట్ రోడ్డెక్కిన పాత కారు - కార్బురేటరు సంగతులు

ఒక సంఘం లెక్కలు తనిఖీ చేస్తుండగా మాకు రెండు కాగితాలు కనిపించాయి. మొదటిది, 80 లీటర్ల పాలు కాచు పరీక్షలో విరిగినందున శీతలీకరణ కేంద్రం వారు తిప్పి పంపిన చీటీ. రెండవది, ఆ తరువాత రెండు నెలలకు సంఘం కారు ఇంజనుకు వాల్వులు మార్పించిన బిల్లు. ఈ బిల్లు మీద సర్వసభ్య సమావేశంలో రభస జరిగినట్లు మినిట్సు పుస్తకంలో ఉన్నది. కార్యదర్శి దొంగ ఓచరు పెట్టారని కొందరు సభ్యులు గట్టిగానే అన్నారు. మేము విచారించగా బిల్లు నిజమైనదేనని తేలింది. పాలు విరగడానికి, వాల్వులు కాలడానికి కారణం ఒక్కటేనని కూడా తేలింది. పాత పెట్రోలు కార్లు ఇంకా వాడుతున్న సంఘాలు కొన్ని ఉన్నందున ఆ కారణం ఇక్కడ వివరిస్తున్నాము.

ఆ సంఘానికి అరకు వైపు కొండ మీద ఒక ఉపకేంద్రం ఉన్నది. ఒక రోజు పాల వ్యాను చెడిపోగా, రెండు క్యాన్లు తెచ్చేందుకు సంఘం పాత అంబాసిడరును పంపారు. అది ఎస్.యు. కార్బురేటరు ఉన్న బండి. సగం ఘాట్ ఎక్కేసరికి దగ్గడం మొదలుపెట్టి, నల్లపొగ వదిలి, అనంతగిరి చేరకముందే ఆగిపోయింది. దారిన దొరికిన మెకానిక్కు చూసి, "ఇదంతా ఎత్తు వల్లనే, ఇక్కడ పెట్రోలు తగ్గించాలి" అని జెట్టు కింది నట్టును నాలుగు పలకలు పైకి తిప్పాడు. బండి కదిలింది. కానీ పాలు కిందికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది.

ఆ మెకానిక్కు చెప్పినదానిలో కొంత నిజం లేకపోలేదు. కార్బురేటరు చేసేది కొలత పని. 1 గ్రాము పెట్రోలు సరిగా మండడానికి సుమారు 15 గ్రాముల గాలి కావాలి. కొండ ఎక్కేకొద్దీ గాలి పలచబడుతుంది. అరకు లోయ సుమారు 900 మీటర్ల ఎత్తు, అక్కడ గాలి సముద్రతీరంలో కంటే 8, 9 శాతం పలచన. ఊటీ సుమారు 2,240 మీటర్లు, అక్కడ 20 శాతం దాకా పలచన. లాక్టోమీటరు చూసినప్పుడు మనం పాల వేడిని బట్టి రీడింగు సవరించుకుంటాము గదా, కార్బురేటరుకు ఆ సవరణ తెలియదు. పలచని గాలికి కూడా ఇంచుమించు పాత లెక్కనే పెట్రోలు పోస్తుంది. అందువల్ల మిశ్రమం చిక్కనవుతుంది.

అయితే ఎంత చిక్కన అన్నది అసలు ప్రశ్న. గాలి పలచబడినంతగా మిశ్రమం చిక్కబడదు, సుమారు అందులో సగమే. అంటే అరకులో 4, 5 శాతం, ఊటీలో 10 శాతం. సరిగా ఉన్న ఇంజను 4, 5 శాతానికి ఆగిపోదు. లాగుడు కొంచెం తగ్గుతుంది, గేరు ఒకటి దించి ఎక్కించుకోవాలి. ఆ తగ్గిన లాగుడు ఏ నట్టు తిప్పినా తిరిగి రాదు, ఎందుకంటే అక్కడ గాలే తక్కువ. అరకు దారిలో బండి నల్లపొగ వదిలి ఆగిందంటే దానికి కింద ఉన్నప్పుడే ఏదో జబ్బు ఉన్నదని అర్థం.

ఆ బండికి ఉన్న జబ్బు ఫ్లోటు గిన్నె సూది కింద చేరిన నలుసు. సూది సరిగా మూసుకోక పెట్రోలు మట్టం పెరిగి పొర్లుతున్నది. కింద అది తెలియలేదు, కొండ మీద బయటపడింది. కొన్నాళ్ళకు సర్వీసింగులో సూదిని శుభ్రం చేశారు. పైకి తిప్పిన నట్టు మాత్రం అలాగే ఉండిపోయింది. అప్పటి నుండి ఇంజనుకు చాలీచాలని పెట్రోలే అందింది. పలచని మిశ్రమం నెమ్మదిగా మండుతుంది. ఎగ్జాస్టు వాల్వు తెరుచుకునే వేళకు ఇంకా మండుతూనే ఉండి వాల్వు అంచును కాల్చివేస్తుంది. ఈ రోజుల్లో బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాలు కలిసిన పెట్రోలు పాత కార్బురేటరులో మిశ్రమాన్ని మరింత పలచన చేస్తుంది. కనుక ఈ తప్పు ఇప్పుడు ఇంకా ఖరీదైనది.

మేము సహకార డిప్లొమా వాళ్ళమే గాని మెకానిక్కులము కాము. అయినా ఏళ్ళ తరబడి ఇలాంటి కార్లలో తనిఖీలకు తిరిగి నేర్చుకున్నది చెబుతాము. కొండ మీద బండి ఆగితే ముందుగా పొగ చూడండి. నల్లపొగ, పెట్రోలు వాసన ఉంటే మిశ్రమం చిక్కన. చోకు తీగ పూర్తిగా వెనక్కి వచ్చిందా అని చూడాలి. ఎస్.యు.లో చోకు లాగితే జెట్టే కిందికి దిగుతుంది. తీగ తుప్పు పట్టి ఇరుక్కుంటే జెట్టు అక్కడే ఉండిపోతుంది. తరువాత గాలి ఫిల్టరు, ఆ తరువాత ఫ్లోటు సూది. గిన్నె విప్పేముందు ఇంజను చల్లారనివ్వాలి, పక్కన బీడీ కాల్చేవారిని దూరంగా పంపాలి.

పొగ ఏమీ లేకుండా, పెట్రోలు అయిపోయినట్లు బండి చప్పున ఆగి, ఇరవై నిమిషాల తరువాత దానంతట అదే స్టార్టయితే అది కార్బురేటరు తప్పు కాదు. పెట్రోలు గొట్టంలోనే ఆవిరై అడ్డుపడుతున్నది. ఎత్తుకు పోయేకొద్దీ ద్రవాలు తక్కువ వేడికే ఆవిరవుతాయి. అరకులో నీళ్ళు 97 డిగ్రీలకే మరుగుతాయి. పెట్రోలు పంపు మీద, గొట్టం మీద తడిగుడ్డ చుట్టి కాసేపు ఆగితే చాలు.

ఇవన్నీ చూసిన తరువాతే నట్టు జోలికి పోవాలి. ఇంజను వేడిగా తిరుగుతుండగా కార్బురేటరు పక్కనున్న చిన్న పిన్నుతో పిస్టనును మిల్లీమీటరు లోపు పైకి లేపండి. ఇంజను వేగం పెరిగి అలాగే ఉంటే మిశ్రమం చిక్కన. వేగం పడిపోతే లేక ఆగిపోతే పలచన. కొంచెం పెరిగి మళ్ళీ మామూలుకు వస్తే సరిగా ఉన్నట్లు. చిక్కనగా ఉంటే నట్టును ఒక పలక మాత్రమే పైకి తిప్పి మళ్ళీ పరీక్షించాలి. అరకు వంటి చోట రెండో పలక అవసరమైతే ఇంకెక్కడో లోపం ఉన్నదని అనుమానించాలి. ఊటీలో నాలుగు రోజులు ఉండవలసి వస్తే సంగతి వేరు. అక్కడ సవరించుకోవడం న్యాయమే, దిగిన రోజునే పాత స్థానానికి తిప్పుకుంటే.

ఎన్ని పలకలు, ఎటు తిప్పారు, ఏ తేదీన అన్నది లాగ్ పుస్తకంలో రాయించండి. మెకానిక్కు రాయడు, డ్రైవరు మరచిపోతాడు. కొత్త బండ్లకు ఈ బాధ లేదు. వాటి ఇంజెక్షను పద్ధతిలో గాలిని కొలిచే పరికరం ఉండి పెట్రోలును తానే సవరిస్తుంది.

ఆ సంఘం కార్యదర్శి పెట్టిన ఓచరుపై ఉన్న అభ్యంతరాన్ని మేము తొలగించాము. నట్టు తిప్పిన సంగతి లాగ్ పుస్తకంలో లేదన్న అభ్యంతరాన్ని ఉంచాము. విరిగిన 80 లీటర్ల ధర కొండ మీది సభ్యులకు అప్పటికి చెల్లించలేదు. లోపం రవాణాదే గాని పాలు పోసినవారిది కాదు గనుక సంఘమే చెల్లించవలెనని నివేదికలో రాశాము.