సెల్ఫ్ వదలకపోతే తప్పు ఎవరిది?

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజుల పాటు మరబోట్ల వేటకు విరామం. విశాఖ, కాకినాడ, నిజాంపట్నం రేవుల్లో అది మరమ్మతుల కాలం. వలలు బాగుచేస్తారు, చెక్కకు రంగు వేస్తారు, ఇంజన్లు విప్పి బిగిస్తారు. ఆ పనుల్లో బ్యాటరీ తీగలకు చోటు దొరకకపోతే, వేట మొదలయ్యే రోజున ఒక వింత చిక్కు ఎదురుకావచ్చు. తాళం తిప్పగానే ఇంజన్ అందుకుంటుంది. తాళం వదిలేసినా సెల్ఫ్ మోటార్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. ఇంజన్ గదిలోంచి ఇనుప పళ్లు రాపాడే కీచు రొద, కాసేపటికి తీగల మీది ప్లాస్టిక్ కాలుతున్న వాసన. ఇలాంటప్పుడు ముందుగా నోటికి వచ్చే మాట, ‘సెల్ఫ్ పోయింది, కొత్తది వేయాలి’ అని. ఆ తీర్పు తొందరపాటుదని నా వాదన. సెల్ఫ్ పట్టేయడానికి మూలం చాలాసార్లు దానికి అందే కరెంటులోనే ఉంటుంది. ఆ మూలాన్ని వదిలేసి కొత్త సామాను బిగిస్తే డబ్బు ఖర్చవుతుంది, జబ్బు మిగులుతుంది.

ఎందుకో తెలియాలంటే సెల్ఫ్ పనితీరు కొంచెం చూడాలి. బోటు డీజిల్ ఇంజన్‌ను తిప్పే 12 వోల్టుల మోటార్ ఆ కొద్ది సెకన్లలో 200 ఆంపియర్లకు పైగా లాగుతుంది. ఇంట్లో సీలింగ్ ఫ్యాను వాడేది అర ఆంపియర్ లోపే. అంత కరెంటును తాళం దగ్గరి చిన్న స్విచ్ మోయలేదు. అందుకే మోటార్ నెత్తిన సొలినాయిడ్ అనే విద్యుదయస్కాంతం ఉంటుంది. తాళం నుంచి సన్న తీగలో కరెంటు రాగానే అది లోపలి ఇనుప కడ్డీని లాగుతుంది. ఆ కడ్డీ రెండు పనులు చేస్తుంది. పినియన్ అనే చిన్న పళ్ల చక్రాన్ని ముందుకు నెట్టి ఫ్లైవీల్ అంచు పళ్లలో ఇరికిస్తుంది. ఒక రాగి బిళ్లను రెండు లావు బోల్టుల మీద అదిమి బ్యాటరీని మోటార్‌కు కలుపుతుంది. తాళం వదలగానే స్ప్రింగు అన్నిటినీ వెనక్కి లాగాలి. రాగి బిళ్ల ఆ బోల్టులకు కరిగి అతుక్కుపోతే స్ప్రింగు దాన్ని విడదీయలేదు. సెల్ఫ్ వదలకపోవడం అంటే ఎక్కువగా ఇదే.

మరి రాగి ఎందుకు కరుగుతుంది? కరెంటు ఎక్కువైతే కరుగుతుందని అనుకోవడం సహజం. అయితే అసలు ప్రమాదం వోల్టేజీ చాలనప్పుడు వస్తుంది. బలహీనమైన బ్యాటరీతో తాళం తిప్పితే సొలినాయిడ్ లాగుతుంది, బిళ్ల తగులుతుంది, మోటార్ బరువు బ్యాటరీ మీద పడుతుంది, వోల్టేజీ ఒక్కసారిగా కుంగుతుంది. దాంతో అయస్కాంతం పట్టు సడలి బిళ్ల విడిపోతుంది. బరువు తొలగగానే వోల్టేజీ కోలుకుని మళ్లీ లాగుతుంది. మనకు వినిపించే ‘టకటకటక’ ఇదే. ఆ ఒక్కొక్క టక్కుకూ రాగి మీద ఒక నిప్పురవ్వ లేస్తుంది, వెల్డింగు చేసినట్టే. గుంటలు పడిన రాగి చివరికి ఏదో ఒక రోజు అతుక్కుంటుంది. ‘టకటక’ వినిపించినా పట్టుబట్టి పదేపదే తాళం తిప్పేవారు తమకు తెలియకుండానే ఈ వెల్డింగు పని చేస్తున్నారు.

సముద్రం మీది బోటులో ఈ ముప్పు రోడ్డు మీది బండికంటే ఎక్కువ. ఉప్పుగాలికి బ్యాటరీ టెర్మినళ్ల మీద, రాగి తీగల కొసల్లో పచ్చని చిలుము పడుతుంది. ఒక బిగింపు దగ్గర నూరోవంతు ఓమ్ నిరోధం చేరిందనుకుందాం. చేతికి తెలియనంత చిన్న దోషం అది. 200 ఆంపియర్లు దాని గుండా పోతే అక్కడే 2 వోల్టులు హరించుకుపోతాయి. బ్యాటరీ నిండుగా ఉన్నా సెల్ఫ్‌కు అందేది అరకొరే. పైగా తాళం సరంగు గదిలో, ఇంజన్ అడుగున. ఆ రెంటినీ కలిపే సన్న తీగ పొడవుగా, మధ్యలో ప్లగ్గులతో ఉంటుంది. ఏ ప్లగ్గు తుప్పు పట్టినా సొలినాయిడ్‌కు చాలినంత వోల్టేజీ చేరదు.

చిక్కు వచ్చిన క్షణంలో ముందు చేయాల్సింది ప్రమాదాన్ని ఆపడం. స్టాప్ లివర్ లాగి ఇంజన్ ఆపాలి, వెంటనే బ్యాటరీ మెయిన్ స్విచ్ కట్టేయాలి. ఇంజన్ నిమిషానికి 800 చుట్లు తిరుగుతుంటే దాని పళ్లలో ఇరుక్కున్న పినియన్ ఎనిమిది వేలకు పైగా తిరుగుతుంది. సెల్ఫ్ లోపలి క్లచ్చు మోటార్‌ను కొద్దిసేపే కాపాడగలదు. మెయిన్ స్విచ్ లేని బోటులో బ్యాటరీ తీగనే ఊడపీకాల్సి వస్తుంది. అప్పుడు బ్యాటరీ నుంచి వెలువడే హైడ్రోజన్ వాయువు దగ్గర నిప్పురవ్వ లేస్తే బ్యాటరీ పేలవచ్చు. అందుకే ఆ స్విచ్ లేని బోటు కడలికి వెళ్లకూడదు.

తర్వాత వెతుకులాట. మెయిన్ స్విచ్ కట్టేసే ఉంచి, సొలినాయిడ్ మీది సన్న తీగ విప్పి దాని కొసకు టేపు చుట్టాలి. గేరు న్యూట్రల్‌లో, స్టాప్ లివర్ లాగి, బెల్టుల దగ్గర ఎవరూ లేకుండా చూసి స్విచ్ ఒక్క క్షణం వేయాలి. సన్న తీగ లేకుండానే సెల్ఫ్ తిరిగితే రాగి బిళ్ల అతుక్కున్నట్టు. తిరగకపోతే తప్పు తాళంలోనో, ఆ తీగలోనో ఉండవచ్చు. రెండూ బాగుంటే సెల్ఫ్ దింపి, గట్టిపడిన గ్రీజు, ఉప్పు వల్ల పినియన్ కదలక నిలిచిందేమో చూడాలి. బిళ్ల అతుక్కుని ఉంటే కొత్త సొలినాయిడ్ తప్పదు. అయితే అది బిగించాక మల్టీమీటర్‌తో కొలిస్తేనే పని పూర్తయినట్టు. సెల్ఫ్ తిరుగుతుండగా బ్యాటరీ పాజిటివ్ మొనకూ సెల్ఫ్ లావు బోల్టుకూ మధ్య తేడా అర వోల్టు మించకూడదు. ఎర్త్ వైపూ అలాగే చూడాలి. ఆ సమయంలో బ్యాటరీ 9.6 వోల్టుల కంటే దిగజారితే తప్పు బ్యాటరీదే కావచ్చు.

దీనికి అభ్యంతరాలు లేకపోలేదు. తాళం స్ప్రింగు విరిగినా సెల్ఫ్ వదలదు, దానికి వోల్టేజీతో పని లేదు కదా అనవచ్చు. నిజమే. సన్న తీగ పరీక్ష దాన్ని తొలి నిమిషంలోనే వేరుచేస్తుంది. నాసిరకం సామాను వల్ల కూడా అతుక్కుంటుందనవచ్చు. అదీ నిజమే, కాని మంచి సామానైనా చిలుము పట్టిన తీగకు బిగిస్తే అదే దారి పడుతుంది. నడిసముద్రంలో మీటర్లు పట్టుకు కూర్చోగలమా, స్పానర్‌తో రెండు దెబ్బలు వేస్తే ఊడుతుంది కదా అనే మాటలోనూ బలముంది. కరెంటు కట్టేశాక వేసిన ఆ దెబ్బ ఒడ్డుకు చేర్చవచ్చు. కాని గుంటలు పడిన రాగి మరింత తేలిగ్గా అతుక్కుంటుంది. దెబ్బతో ఊడిన సెల్ఫ్‌ను నమ్మి మళ్లీ వేటకు వెళ్లడం ముప్పును కొనితెచ్చుకోవడమే.

మల్టీమీటర్ వెల కొన్ని వందల రూపాయలు. కొత్త సెల్ఫ్ వెల దానికి ఎన్నో రెట్లు. తీరానికి దూరంగా ఇంజన్ లేకుండా కొట్టుకుపోయే రాత్రి వెల చెప్పలేం. కనుక బోటు యజమానులు, సరంగులు, మెకానిక్కులు వేట విరామంలో ఒక్క పూట దీనికి కేటాయించాలి. టెర్మినళ్లు విప్పి, చిలుము గీకి, బిగించి, గ్రీజు పూసి, వోల్టేజీ తేడా కొలిచి రాసిపెట్టుకోవాలి. తాళం తిప్పినప్పుడు ‘టకటక’ వినిపిస్తే ఇంకోసారి తిప్పకండి. చేయి తీసి బ్యాటరీ వైపు నడవండి.