డి విటమిన్: రిపోర్టులో అంకె, ఒంట్లో జబ్బు

షుగరో, కీళ్లవాతమో, కిడ్నీ జబ్బో ఏళ్ల తరబడి ఉన్నవాళ్లు రక్తపరీక్ష చేయించుకుంటే డి విటమిన్ తక్కువని రావడం మామూలే. ఆ కాగితం చూడగానే మనసులో ఒక లెక్క కుదిరిపోతుంది. డి తగ్గబట్టే ఈ నొప్పులు, ఈ నీరసం, అసలు ఈ జబ్బు కూడా దానివల్లేనేమో, అది పెరిగితే అన్నీ సర్దుకుంటాయి అని. మందుల షాపులో 60,000 యూనిట్ల క్యాప్సూల్ అడిగితే ఇస్తారు, ధరా ఎక్కువేం కాదు. అయితే ఇప్పటిదాకా జరిగిన పరిశోధనలు ఈ లెక్కను బలపరచడం లేదు. నిజమైన లోపాన్ని పూడ్చుకోవలసిందే, అది ఎముకలకూ కండరాలకూ అవసరం. దాంతో పాత జబ్బు వెనక్కి తగ్గుతుందని మాత్రం ఆశపడకూడదు. ఎంత వేసుకోవాలో, ఏ రూపంలో వేసుకోవాలో తేల్చేది కూడా ఆ జబ్బే.

లోపం కట్టుకథ అని ఎవరూ అనలేరు. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ వైద్యులు చుట్టుపక్కల పల్లెల్లోనూ పట్నంలోనూ ఆరోగ్యంగా ఉన్నవాళ్లనే పరీక్షించి, ఏడాది పొడవునా ఎండ కాసే చోట కూడా డి తక్కువగా ఉందనీ, దానికి తోడు తిండిలో క్యాల్షియం చాలడం లేదనీ 2007లో ప్రచురించారు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు నేరుగా చర్మాన్ని తాకితేనే డి తయారవుతుంది. చేపలు, గుడ్డు సొన మినహా మన వంటల్లో అది దొరికేది బహు తక్కువ. మంచానికో గదికో పరిమితమైన రోగికి రెండు దారులూ మూసుకుపోతాయి. బాగా తగ్గిపోతే పెద్దవాళ్లలో ఎముకలు మెత్తబడతాయి, తొడల్లో బలం పోయి కూర్చున్నచోటు నుంచి లేవడమే కష్టమవుతుంది. అలాంటివాళ్లకు డి నిజంగా మందే. కాకపోతే ‘తక్కువ’ అని ముద్ర వేసే గీత ఎక్కడుండాలో నిపుణులకే ఏకాభిప్రాయం లేదు. మిల్లీలీటరుకు 20 నానోగ్రాములు ఉంటే దాదాపు అందరికీ చాలునని అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2011 నివేదికలో చెప్పింది. అదే ఏడాది ఎండోక్రైన్ సొసైటీ 30 ఉండాలంది. 2024లో ఆ సొసైటీయే తన 30 గీతను వదులుకుంది, ఆరోగ్యవంతులకు ఈ పరీక్షను మామూలుగా చేయించవద్దని కూడా చెప్పింది. మన ల్యాబుల్లో చాలా రిపోర్టులు ఇంకా 30 దగ్గరే ఆగి ఉన్నాయి.

దీర్ఘరోగుల విషయంలో ఇంకో చిక్కుంది. డి తగ్గడం వల్ల జబ్బు వచ్చిందా, జబ్బు వల్ల డి తగ్గిందా? మోకాలి కీలు మార్పిడి చేయించుకున్నవాళ్ల రక్తాన్ని ఆపరేషన్‌కు ముందూ తర్వాతా పరీక్షించిన అధ్యయనం ఒకటుంది. కొద్దిరోజుల్లోనే వాళ్ల డి సుమారు 40 శాతం పడిపోయింది. అంత త్వరగా ఎవరి ఒంట్లోనూ నిల్వలు కరగవు. ఆపరేషన్ తెచ్చిన వాపు వల్లే రక్తంలో ఆ కొలత మారిపోయింది. కీళ్లవాతంలోనూ, పేగుల్లో పుండ్లు పడే జబ్బుల్లోనూ ఈ వాపు ఏళ్ల తరబడి సాగుతుంది. లావుగా ఉన్నవాళ్లలో డి కొవ్వులో పంచుకుపోతుంది. మూత్రంలో ప్రొటీన్ పోయే కిడ్నీ జబ్బులో, డిని రక్తంలో మోసుకెళ్లే ప్రొటీన్ కూడా దాంతోపాటే పోతుంది. కాబట్టి జబ్బు ఉన్నచోట డి తక్కువగా కనిపించడం వింత కాదు. థర్మామీటరును విదిలిస్తే పాదరసం దిగుతుంది, జ్వరం దిగదు.

ఈ ముడి విప్పడానికే పెద్ద పెద్ద ప్రయోగాలు జరిగాయి. అమెరికాలో వైటల్ అనే ప్రయోగంలో 25,871 మందిని తీసుకుని, సగం మందికి రోజూ 2,000 యూనిట్ల డి, మిగతావాళ్లకు ఉత్తుత్తి మాత్ర, ఐదేళ్లకు పైగా ఇచ్చారు. గుండెపోటు, పక్షవాతం, క్యాన్సర్ రావడంలో రెండు గుంపులకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఎముకలు విరగడం కూడా తగ్గలేదని 2022లో తేలింది. దీనికి డి అభిమానులు చెప్పే జవాబు తీసిపారేయదగింది కాదు. ఆ ప్రయోగంలో చేరినవాళ్ల సగటు మొదటి నుంచే 30 పైన ఉంది, కడుపు నిండినవాడికి అన్నం పెట్టి బలం రాలేదంటే ఎలా అంటారు. నిజమే, తీవ్రమైన లోపం ఉన్నవాళ్ల గురించి వైటల్ ఏమీ తేల్చలేదు. అయితే ఈ జవాబును ఒప్పుకుంటే దాని రెండో కొసను కూడా పట్టుకోవాలి: లోపం తీరాక ఇంకా ఇంకా వేసుకుంటే లాభం లేదన్నమాట. అదే వైటల్‌లో మాత్రం ఒంటిమీద ఒళ్లే తిరగబడే ఆటోఇమ్యూన్ జబ్బులు కొత్తగా రావడం 22 శాతం తగ్గింది. షుగరు అంచున ఉన్నవాళ్ల మీద జరిగిన మూడు ప్రయోగాలను కలిపి చూస్తే, షుగరు రావడం 15 శాతం మేర తగ్గినట్టు 2023లో లెక్క తేలింది. ఇవి ఆసక్తి కలిగించే ఫలితాలే. కానీ రెండూ జబ్బు రాకుండా ఆపడానికి సంబంధించినవి. పదేళ్లుగా ఇన్సులిన్ వేసుకుంటున్న మనిషికి వాటిని చూపించి ఆశ పెట్టడం న్యాయం కాదు.

జబ్బును బట్టి మోతాదు ఎందుకు మారాలో కిడ్నీల దగ్గర బాగా తెలుస్తుంది. మనం మింగే డి గానీ, ఎండలో తయారయ్యే డి గానీ అలాగే పనిచేయదు. ముందు కాలేయంలో ఒకసారి, తర్వాత కిడ్నీలో ఇంకోసారి రూపు మారాలి. ల్యాబు కొలిచేది కాలేయం నుంచి వచ్చిన సగం తయారైన సరుకునే. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లు 60,000 యూనిట్లు వరసగా వేసుకుంటే రిపోర్టులో అంకె చక్కగా పెరగవచ్చు, అసలు పనిచేసే రూపం మాత్రం తక్కువగానే ఉండిపోవచ్చు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో, కారణం తేలని కిడ్నీ జబ్బు ఎందరినో పట్టి పీడిస్తోంది. జీడి, కొబ్బరి తోటల్లో పొద్దంతా ఎండలో ఉన్న మనిషికైనా చివరి మెట్టు కిడ్నీయే కదా. అది తప్పితే రక్తంలో ఫాస్ఫరస్ పేరుకుంటుంది, మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు అదుపు తప్పి ఎముకల్లోంచి క్యాల్షియం లాగేస్తాయి. అలాగని పూర్తిగా తయారైన రూపాన్నే, అంటే కాల్సిట్రయాల్ లాంటి మందును, అందరికీ ఇచ్చేస్తే సరిపోతుందా అంటే అదీ లేదు. ఆ కోవకే చెందిన పారికాల్సిటాల్ మీద జరిగిన రెండు ప్రయోగాల్లో గుండె పరిస్థితి మెరుగుపడలేదు సరికదా, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ల కంటే ఎక్కువమందిలో రక్తంలో క్యాల్షియం హద్దు మీరింది. అందుకే డయాలసిస్ దాకా రాని రోగులకు ఈ మందులను మామూలుగా వాడవద్దని కిడ్నీ వైద్యుల అంతర్జాతీయ సంస్థ కేడిగో 2017లో సూచించింది. క్యాల్షియం, ఫాస్ఫరస్, పారాథైరాయిడ్ హార్మోను మూడూ చూడకుండా డి ఒక్కదాని అంకె చూసి కిడ్నీ రోగి బిళ్ల వేసుకోవడం చీకట్లో నడవడమే.

మిగతా జబ్బుల్లో కథ ఇంకోలా ఉంటుంది. సార్కాయిడోసిస్ అనే వాపు జబ్బులో, కొందరు క్షయ రోగుల్లో, వాపు ఉన్నచోటి కణాలే అదుపు లేకుండా డిని పనిచేసే రూపంలోకి మార్చేస్తాయి. వాళ్లకు మామూలు మోతాదే ఎక్కువ కావచ్చు. ఫిట్స్‌కు వాడే ఫెనిటోయిన్, క్షయకు వాడే రిఫాంపిసిన్ డిని త్వరగా ఖర్చు చేయిస్తాయి. నెలల తరబడి స్టెరాయిడ్లు వాడేవాళ్లకు ఎముకల రక్షణకు డి, క్యాల్షియం రెండూ కావాలి. బీపీకి హైడ్రోక్లోరోథయజైడ్ ఉన్న మాత్ర వేసుకునేవాళ్లు మాత్రం డి, క్యాల్షియం కలిపి ఎక్కువగా తీసుకుంటే క్యాల్షియం పెరిగే ప్రమాదం ఉంది. గుండెకు డిగాక్సిన్ వాడేవాళ్లలో ఆ పెరుగుదల లయనే తప్పించగలదు.

విటమినే కదా, ఎక్కువైతే మూత్రంలో పోతుందిలే అనే ధైర్యం బి, సి విటమిన్ల దగ్గర కొంత చెల్లుతుంది. డి కొవ్వులో నిలవ ఉంటుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ రోజుకు 600 యూనిట్లు చాలంటుంది, పైహద్దు 4,000 దాటవద్దన్నది అమెరికా నివేదిక. వారానికొకటి వేసుకోమన్న 60,000 క్యాప్సూల్‌ను పొరపాటున రోజూ వేసుకుంటే ఆ హద్దుకు 15 రెట్లు. క్యాల్షియం పెరిగితే దాహం, మాటిమాటికీ మూత్రం, మలబద్ధకం, వికారం, మనసు మందగించడం కనిపిస్తాయి. ఆరోగ్యవంతుడైతే ఏదో తేడా వచ్చిందని గమనిస్తాడు. పాత రోగి ఇదీ జబ్బులో భాగమే అనుకుని ఇంకో క్యాప్సూల్ వేసుకుంటాడు. ఒక్కసారే పెద్ద మోతాదు వేసుకుంటే పని తేలిక అనుకోవడానికీ లేదు. ఆస్ట్రేలియాలో 70 ఏళ్లు దాటిన 2,256 మంది స్త్రీలపై జరిగిన ప్రయోగంలో, ఏడాదికోసారి 5 లక్షల యూనిట్లు తీసుకున్నవాళ్లే ఎక్కువసార్లు కిందపడ్డారు, వాళ్ల ఎముకలే ఎక్కువగా విరిగాయని 2010లో బయటపడింది.

“నాకు వాడాక నొప్పులు తగ్గాయి” అనేవాళ్ల మాట అబద్ధం కానక్కర్లేదు. నిజంగా లోపం ఉన్నవాళ్లకు తగ్గుతాయి కూడా. కీళ్లవాతం లాంటి జబ్బులు మాత్రం వాటంతటవే ఎక్కుతూ దిగుతూ ఉంటాయి, మనిషి కొత్త బిళ్ల మొదలుపెట్టేదేమో బాగా ఎక్కిన రోజుల్లో. దిగినప్పటి ఘనత బిళ్లకు దక్కుతుంది. ఇందులో అసలు భయం ఏమిటంటే, ఆ నమ్మకంతో మెథోట్రెక్సేట్ లాంటి అసలు మందును మానేయడం. ఆపిన మందు వెనక జబ్బు కీళ్లను తినేస్తూ పోతుంది. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంట్లో వాడుతున్న డి, క్యాల్షియం, మల్టీవిటమిన్ డబ్బాలన్నీ, బీపీ గుండె మాత్రల పట్టీలతో సహా, ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. ఎంత మోతాదు, ఎన్ని వారాలు, మళ్లీ క్యాల్షియం, క్రియాటినిన్ పరీక్షలు ఎప్పుడు అన్నవి అడిగి చీటీ మీద రాయించుకోండి. ఎప్పుడు ఆపాలో రాయని 60,000 క్యాప్సూల్‌ను రెండోసారి కొనకండి.