గొల్లకలాపం: పాత్రలు, ప్రశ్నలు

ఇంగ్లీషు పాఠంలో షేక్‌స్పియర్ పేరు వినగానే మనలో సగం మందికి నిద్ర, మిగతా సగానికి భయం. కానీ ఆయన ‘యాజ్ యు లైక్ ఇట్’ గొర్రెల కాపరులుండే అడవిలో నడిచే హాస్యనాటకమే. అందులో రాజసభ నుండి వచ్చిన విదూషకుడు టచ్‌స్టోన్, కోరిన్ అనే ముసలి కాపరిని సభామర్యాదలు తెలియవని ఆటపట్టిస్తాడు. కోరిన్ కోపగించుకోడు, తన పనిలోంచే జవాబు చెబుతాడు. చివరికి ఎవరు తెలివైనవారో ప్రేక్షకుడే తేల్చుకోవాలి.

ఇలాంటి వాదమే మన తెలుగు రంగస్థలం మీదా ఉంది. అదే గొల్లకలాపం. కృష్ణా జిల్లా కూచిపూడి భాగవతులు తరతరాలుగా ఆడుతున్న దీనిని భాగవతుల రామయ్య రచించారు. భామాకలాపానికి వచ్చినంత పేరు దీనికి రాలేదు. మా దృష్టిలో ఇది అన్యాయమే.

కథ చాలా చిన్నది. గొల్లభామ చల్ల అమ్ముకోవడానికి బయలుదేరుతుంది. దారిలో సుంకం వసూలు చేసే సుంకరి కొండడు నవ్విస్తాడు. అతని హాస్యం మోటుగా ఉంటుంది. కాని, కాటమరాజు కథ విన్నవారికి ఇది వట్టి నవ్వులాట అనిపించదు. ఆ కథలో నెల్లూరు నల్లసిద్ధితో యాదవుల యుద్ధం పుల్లరి దగ్గరే కదా మొదలైంది!

అసలు నాటకం బ్రాహ్మణుడు ఎదురుపడ్డాక మొదలవుతుంది. కులంలో నేను గొప్ప అంటాడాయన. ఆమె పక్కకు తప్పుకోదు. బ్రాహ్మణుడెవరు? పుట్టుకతో అవుతాడా, నడతతో అవుతాడా? అని నిలదీస్తుంది. తల్లి గర్భంలో పిండం ఎట్లా ఏర్పడి, ఎట్లా పెరుగుతుందో ఆమె ఆయనకే విడమర్చి చెబుతుంది. ఆ తొమ్మిది నెలలూ అందరికీ ఒక్కటేనని దాని అర్థం. యజ్ఞం సంగతి వచ్చినప్పుడు మేకను బలివ్వడం కన్నా జ్ఞానమే గొప్ప యజ్ఞమని వాదిస్తుంది. మేకలను సాకే ఇంటి మనిషి నోట ఈ మాట రావడం ఎంత సహజంగా ఉందో చూడండి.

రాసినవారు, వేషం కట్టినవారు బ్రాహ్మణులే. గొల్లభామ వేషం వేసిందీ మగవారే. తమను ప్రశ్నించే పాత్రను తామే సృష్టించుకోవడం వారి గొప్పతనమని ఒప్పుకోవాలి. అయినా మాకొక అసంతృప్తి మిగిలే ఉంది. గొల్లభామ శాస్త్రం చదివినదాని వలె మాట్లాడి గెలుస్తుంది. శాస్త్రం రాని గొల్లామె అదే ప్రశ్న అడిగితే బ్రాహ్మణుడు నిలబడి వినేవాడా? మన అమ్మమ్మలు, నాయనమ్మలు ఏ శాస్త్రం చదివారు?

ఆ ప్రశ్నకు జవాబు కోసం పోచంపల్లి నుండి కూచిపూడి దాకా పోనక్కరలేదు. గొల్లసుద్దులు మన ఊళ్ళ కళ. భుజాన గొంగడి, చేతిలో కర్ర, పక్కన మాటకు మాట అందించే వంతలు. భాష గొర్లమంద దగ్గరిదే. పాత నల్గొండ జిల్లాకు చెందిన సుద్దాల హనుమంతు ఈ కళను తెలంగాణ సాయుధ పోరాటంలోకి తెచ్చారు. అక్కడ కాపరి వాదన బ్రాహ్మణుడితో కాదు, దొరతో. పశువులు కాసే జీతగాడి గురించి ఆయన రాసిన పాట ‘మాభూమి’ సినిమాతో ఊరూరా తెలిసింది.

వార్షికోత్సవంలో ఈ రెండింటినీ ఒకదాని వెంట ఒకటి ఆడవచ్చు. కావలసింది ఒక చల్లకుండ, రెండు గొంగళ్ళు, ఒక కర్ర. బ్రాహ్మణుడి వేషానికి మాత్రం బాగా నవ్వించగలవాడే ఉండాలి. ఓడిపోయే పాత్ర బలంగా లేకుంటే గొల్లభామ ప్రశ్నలు ఎవరికీ వినపడవు.