కాలువలు కట్టేశాక

హనుమాన్ జంక్షన్‌లో ఉన్న రైల్వే స్టేషన్ పేరు నూజివీడు. హనుమాన్ జంక్షన్ పేరు బయటివాళ్లకు తెలిసింది కూడలిలోని ఆంజనేయస్వామి గుడి వల్ల, హైవే వల్ల, 2001లో అదే పేరుతో వచ్చిన సినిమా వల్ల. విజయవాడ నుంచి నలభై కిలోమీటర్లు వచ్చి ఇక్కడ టీ తాగి, ఏలూరు వైపు సాగిపోయే ప్రయాణికులకు నీటి సంగతి పట్టదు. ఉత్తరాన నూజివీడు రోడ్డెక్కితే మెట్ట: మామిడితోటలు, వాన పడితేనే నిండే చెరువులు. దక్షిణాన గుడివాడ దారి పడితే డెల్టా మాగాణి, దాన్ని తడిపే కాలువలు. ఆగ్నేయంగా పోతే కొల్లేరు. చెరువు, కాలువ, సరస్సు ఇంత దగ్గరగా ఉన్న కూడలి కృష్ణా జిల్లాలో నాకు మరొకటి కనిపించదు. ఎండలు ముదిరి ఈ మూడింటిలోనూ నీరు తగ్గే రోజులే ఇక్కడ చేపల వేటకు అసలైన రోజులు.

అందరికీ అందే వేట కాలువది. 1850లలో బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట కట్టినప్పటి నుంచి ఈ పల్లెల క్యాలెండర్ కాలువతోనే నడుస్తోంది. 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చినా ఆ లెక్క మారలేదు. వేసవిలో కాలువలు కట్టేస్తారు. అంతకుముందే ఊళ్లు మంచినీళ్ల చెరువులు నింపుకుంటాయి. కాలువలో పారకం ఆగిన కొన్నాళ్లకు వంతెనల కింద, లాకుల దగ్గర, తూముల నోళ్లలో మడుగులు మిగులుతాయి. మైళ్ల పొడవునా తిరిగిన చేపంతా ఆ మడుగుల్లోకి చేరుతుంది.

అప్పుడు పిల్లలూ పెద్దలూ దిగుతారు. వల లేనివాడు ఊత పట్టుకొస్తాడు. పైనా కిందా తెరిచి ఉండే వెదురు బుట్ట అది, కింద వెడల్పు, పైన సన్నం. మోకాటిలోతు నీళ్లలో నడుస్తూ కదలిక కనబడ్డ చోట దాన్ని బురదలోకి గుచ్చి, పైనుంచి చెయ్యి పెట్టి తడుముతారు. కొరమేను చిక్కితే ఊత అదిరిపోతుంది. ఇంగిలాయి ముల్లు గుచ్చుకుంటే ఆ సలుపు ఓ పట్టాన వదలదు, అందుకే తెలిసినవాళ్లు తలవెనక పట్టు దొరికేదాకా వేళ్లు బిగించరు. చిన్న గుంటయితే చుట్టూ మట్టికట్ట వేసి బకెట్లతో తోడేస్తారు. పరిగెలు, మట్టగిడసలు, బొమ్మిడాయిలు బురదలో మెరుస్తూ బయటపడతాయి. అదే రోజుల్లో చింతచిగురు లేతగా ఉంటుంది, నూజివీడు తోటల్లో పచ్చి మామిడికాయ రాలుతూ ఉంటుంది. చిన్నచేపలకు చింతచిగురు, బొమ్మిడాయిల పులుసుకు మామిడికాయ. ఈ జత ఏ వంటగత్తె పుట్టించిందో గానీ, ఆమె ఈ ఋతువును బాగా ఎరిగిన మనిషి.

మడుగులో మిగిలే చేపలు ఏవన్నది కూడా గమనించదగ్గ విషయం. నీరు వేడెక్కేకొద్దీ అందులో కరిగి ఉండే ఆక్సిజన్ తగ్గుతుంది. బొచ్చె, శీలవతి దాన్ని తట్టుకోలేవు, తెల్లవారుజామున పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. కొల్లేటి చుట్టూ చేపల చెరువుల రైతులకు వేసవి రాత్రులు నిద్ర లేనిది ఇందుకే. కొరమేను, మార్పు, ఇంగిలాయి చేపల తీరు వేరు. మొప్పలతో పాటు నేరుగా గాలి పీల్చుకునే అవయవం వాటికి ఉంది. బురదనీళ్లలో నెలల తరబడి అవి బతికి ఉండేది దానివల్లే, బజారులో కొరమేనును నీళ్లతొట్లో ప్రాణంతో చూపించి అమ్మగలిగేదీ దానివల్లే.

గాలం వేసేవాళ్లది నిదానపు పని. జెల్లకు వానపాము, కొరమేనుకు కప్పపిల్ల ఎర. బెండు మునిగేదాకా గట్టుమీద తాటాకు నీడలో కూచుంటారు. వాళ్లకు తెలిసిన ఒక మర్యాద ఉంది, దాన్ని నేను గౌరవిస్తాను. నీటిమీద ఎర్రటి కొరమేను పిల్లల గుంపు కదులుతూ కనిపిస్తే ఆ పక్కన గాలం వేయరు. కిందనే తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. వాటిని లాగేస్తే ఆ పిల్లలు ఒక్కపూటలో మిగతా చేపల పాలవుతాయి.

ఇక కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు నీళ్లు చేరేది అక్కడికే. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు కూడా ఈ వైపు వచ్చి కొల్లేట్లోనే కలుస్తుంది. అక్కణ్ణించి ఉప్పుటేరు మీదుగా సముద్రానికి. తాటి దోనెల మీద తిరుగుతూ, వెదురు మావులు పెట్టి చేపలు పట్టే వడ్డి కులస్థుల జీవనం ఈ సరస్సు ఎత్తుపల్లాల మీదే సాగింది. 1970ల నుంచి కొల్లేరు గర్భంలో చేపల చెరువులు లేచాయి. 1999లో ప్రభుత్వం కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించింది, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలగా రామ్సర్ గుర్తింపు వచ్చింది, 2006లో అయిదో కాంటూరు (సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు గీత) లోపలి చెరువుల గట్లను ప్రభుత్వమే కొట్టించింది. ఆ కూల్చివేతల మీద వివాదం ఇంకా చల్లారలేదు. వేసవిలో కొల్లేరు మట్టం పడిపోతే ఉప్పుటేరులో ఉప్పునీరు ఎదురు వస్తుంది. మావుల్లో మంచినీటి చేప తగ్గేది అప్పుడే. మిగిలే నీరు ఎంతన్నదే ఇక్కడా ప్రశ్న.

చేప గుడ్లు పెట్టే కాలాన్ని బట్టి వేటకు హద్దు పెట్టుకున్న చోట్లూ ఉన్నాయి. మన పిల్లలు చదువులకూ ఉద్యోగాలకూ వెళ్లి స్థిరపడిన అమెరికా ఉత్తరాన మిన్నెసోటా రాష్ట్రంలో పదివేలకు పైగా సరస్సులున్నాయి. అక్కడ వేసవి అంటే సరస్సు తెరుచుకునే కాలం. మంచు కరుగుతున్నప్పుడు వాల్ఐ అనే చేప గుడ్లు పెడుతుంది. అందుకని మే నడిమి దాకా దాని వేట మూసేసి, ఆ తర్వాతే గాలానికి అనుమతిస్తారు. లైసెన్సు కావాలి, ఎన్ని పట్టాలో లెక్క ఉంటుంది. మన సముద్రానికీ ఇలాంటి నియమం ఉంది: తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లు కదలవు. కాలువ మడుగు దగ్గర, ఊరి చెరువు దగ్గర మాత్రం అలాంటి మాట వినిపించదు. మన కొరమేను, జెల్ల, పరిగె గుడ్లు పెట్టేది తొలకరికి. వేసవి చివర గుంటలో మిగిలినవే ఆ తొలకరికి తల్లిచేపలు.

ఇప్పుడు ఊత, బకెట్ల స్థానంలో డీజిల్ ఇంజిన్లు వచ్చాయి. అడుగున బురద కనబడేదాకా తోడేస్తారు. నీళ్లలోకి కరెంటు వదిలేవాళ్లు, మందు కలిపేవాళ్లు కూడా ఉన్నారు. పేలుడు పదార్థాలతో, విషంతో చేపలు పట్టడం నేరమని 1897 నాటి చట్టమే చెప్పింది. కరెంటు పెట్టిన గుంటలో వేలెడంత పిల్ల కూడా మిగలదు. ఇది వేట కాదు, దోపిడీ.

దిద్దుబాటు పంచాయతీ చేతిలోనే ఉంది, ఎందుకంటే చెరువు పాట పెట్టేది పంచాయతీయే. పాట పాడుకున్నవాడు బొచ్చె, శీలవతి పిల్లను కొని వదులుతాడు. అవి నిలవనీటిలో గుడ్లు పెట్టవు. 1957లో ఒడిశాలో హీరాలాల్ చౌదరి పిట్యూటరీ ఇంజెక్షన్‌తో ఈ రకం చేపల చేత గుడ్లు పెట్టించాకే దేశమంతటా ఆ పిల్ల దొరకడం మొదలైంది. నాటుచేపకు ఆ ఖర్చు లేదు. నాలుగు జతలు బతికితే తొలకరికి చెరువు తనంత తానే నిండుతుంది. కాబట్టి పాట షరతుల్లో రెండు మాటలు చేర్చాలి: లోతైన చోట నడుములోతు నీరు తప్పనిసరిగా వదలాలి, ఆ గుంటకు ఇంజిను పెట్టకూడదు. పాటదారుకు ఆ ఏడు కొంత తగ్గుతుంది, పంచాయతీకీ తగ్గుతుంది. ఆ తగ్గినంత మేరకు మరుసటి ఏడు పిల్ల కొనకుండానే కొరమేను దొరుకుతుంది. గాలం తప్ప మరో ఆస్తి లేని మనిషికి కూడా అందులో వాటా ఉంటుంది.