జులై ఆఖరి శుక్రవారం ఎవరి పండగో తెలుసా? మీ ఆఫీస్ సిస్‌అడ్మిన్‌ది!

టెక్ క్యాలెండర్‌లో వింత పండగలకు కొదవ లేదు. మార్చి 14న పై డే. మార్చి 31న వరల్డ్ బ్యాకప్ డే, అంటే ఏప్రిల్ ఫూల్స్ డేకి సరిగ్గా ముందు రోజు. డేటా పోగొట్టుకుని మర్నాడు ఫూల్ అవ్వొద్దని! జులై 17న వరల్డ్ ఎమోజీ డే, ఎందుకంటే ఐఫోన్‌లో క్యాలెండర్ ఎమోజీ మీద ఉండేది ఆ తేదీయే. ప్రోగ్రామర్స్ డే అయితే ఇంకా వెరైటీ. సంవత్సరంలో 256వ రోజు, అంటే సెప్టెంబర్ 13 (లీప్ ఇయర్‌లో 12). ఒక బైట్‌లో పట్టే విలువలు 256 కాబట్టి ఆ లెక్క.

వీటిలో చాలా వరకు ఓ మీమ్ షేర్ చేసి మర్చిపోయేవే. కానీ జులై ఆఖరి శుక్రవారం వచ్చే సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ అప్రిసియేషన్ డే అలా వదిలేసేది కాదు. ఎందుకో చూద్దాం.

ఒక ప్రింటర్ యాడ్‌తో మొదలైంది

అమెరికాలో టెడ్ కెకాటోస్ అనే సిస్‌అడ్మిన్ ఉన్నారు. ఆయన ఒక మ్యాగజైన్‌లో హెచ్‌పీ ప్రింటర్ యాడ్ చూశారు. కొత్త ప్రింటర్లు పెట్టినందుకు ఆఫీస్ వాళ్లంతా పూలు, పండ్ల బుట్టలు పట్టుకుని సిస్‌అడ్మిన్‌కి థాంక్స్ చెప్పడానికి వస్తారు. అదీ ఆ యాడ్. నిజం ఆఫీసుల్లో ఇలాంటిది ఎక్కడైనా చూశారా? అందుకే ఆయన దాన్ని నిజం చేద్దామనుకున్నారు. అలా 2000 జులై 28న మొదటి సిస్‌అడ్మిన్ డే జరిగింది.

పని బాగా చేస్తే ఎవరికీ కనపడదు!

ఫోన్ కెమెరా బాగుంటే మనం పొగుడుతాం. బ్యాటరీ బాగుంటే స్కోర్ ఇస్తాం. సిస్‌అడ్మిన్ పనికి మాత్రం ఆ ఛాన్స్ లేదు. వైఫై పనిచేస్తుంటే అది వైఫై గొప్పే. ఆగితే మాత్రం "ఐటీ వాళ్లు ఏం చేస్తున్నారు?" అంటాం.

నిజానికి వాళ్ల పని ఎక్కువ భాగం మనం చూడం. మీరు జాయిన్ అయిన రోజు లాప్‌టాప్, మెయిల్, వీపీఎన్ రెడీగా ఉంచాలి. ఎవరైనా మానేస్తే అదే రోజు వాళ్ల యాక్సెస్ తీసేయాలి. సర్వర్ ప్యాచ్‌లు అందరూ లాగవుట్ అయ్యాక, అర్ధరాత్రో ఆదివారమో వేయాలి. బ్యాకప్ తీస్తే సరిపోదు, అది తిరిగి రీస్టోర్ అవుతోందో లేదో కూడా చెక్ చేయాలి. చిన్న కాలేజీ, హాస్పిటల్, సూపర్ మార్కెట్ లాంటి చోట్ల ఇవన్నీ చూసేది ఒక్కరే. అక్కడ ఆయన్ని "సిస్టమ్స్ చూసే అన్న" అంటారంతే, చాలామందికి పేరు కూడా తెలీదు.

2024 జులై 19: లోకానికి తెలిసొచ్చిన రోజు

ఆ రోజూ శుక్రవారమే. మన టైమ్ ప్రకారం ఉదయం 9:39కి క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ ఓ చిన్న అప్‌డేట్ వదిలింది. అందులో తప్పు ఉంది. విండోస్ మెషీన్లు వరసగా బ్లూ స్క్రీన్ కొట్టాయి. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం మొత్తం 85 లక్షల మెషీన్లు. హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ఇండిగో ప్యాసింజర్‌కి చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో ఎంత వైరల్ అయ్యిందో మీకు గుర్తుండే ఉంటుంది.

కంపెనీ 78 నిమిషాల్లోనే ఆ అప్‌డేట్ వెనక్కి తీసుకుంది. కానీ అప్పటికే క్రాష్ లూప్‌లో పడ్డ మెషీన్లలో చాలావాటికి ఆన్‌లైన్‌లో ఫిక్స్ పంపలేం. బూటే కావట్లేదుగా! ఒక్కో మెషీన్ దగ్గరికి మనిషి వెళ్లాలి, సేఫ్ మోడ్‌లో తెరవాలి, తప్పు ఫైల్ డిలీట్ చేయాలి. బిట్‌లాకర్ ఉంటే ముందు 48 అంకెల రికవరీ కీ కొట్టాలి. ఇప్పుడు దీన్ని వందలతో, వేలతో గుణించండి. ఆ వీకెండ్ ప్రపంచమంతా సిస్‌అడ్మిన్లు చేసింది అదే. సరిగ్గా వారం తర్వాత, జులై 26న, సిస్‌అడ్మిన్ డే వచ్చింది. ఆ ఒక్క ఏడాది ఎందుకీ పండగ అని ఎవరూ అడిగి ఉండరు.

మరి మనం ఏం ఇవ్వొచ్చు?

కేక్ ఓకే, బిర్యానీ ఇంకా ఓకే. కానీ వాళ్లకి నిజంగా పనికొచ్చేవి ఇవి:

1. టికెట్ రైజ్ చేయండి. వాట్సాప్‌లో "అన్నా, కొంచెం చూడవా" అంటే పని అవుతుంది కానీ రికార్డు ఉండదు. అప్రైజల్‌లో ఆయన చూపించుకోగలిగేది ఆ టికెట్లనే.

2. "పనిచేయట్లేదు" అని మాత్రమే రాయకండి. ఎర్రర్ మెసేజ్ స్క్రీన్‌షాట్, ఎప్పటి నుంచి, దానికి ముందు ఏం మార్చారు, ఈ మూడూ ఉంటే సగం పని అయిపోయినట్టే. రీస్టార్ట్ చేశారా లేదా అన్నది కూడా నిజం చెప్పండి!

3. అప్‌డేట్‌ని "తర్వాత గుర్తుచేయి" అని నెలల తరబడి తోసేయకండి.

4. అనుమానం ఉన్న లింక్ నొక్కేశారా? దాచకండి, వెంటనే చెప్పండి. మొదటి పది నిమిషాల్లో తెలిస్తే ఒక్క లాప్‌టాప్‌తో పోతుంది. సాయంత్రం తెలిస్తే ఆఫీస్ మొత్తానికి పాకొచ్చు.

5. అన్నిటికంటే ముఖ్యమైనది: థాంక్స్ మెయిల్‌లో చెప్పండి, వాళ్ల మేనేజర్‌ని సీసీలో పెట్టండి. ఏం చేశారో రెండు లైన్లు రాయండి చాలు. అన్నీ సజావుగా నడిచిన సంవత్సరంలో "అసలు ఈ టీమ్‌కి ఇంతమంది ఎందుకు?" అని ఎవరో ఒకరు అడుగుతారు. అప్పుడు ఆ మెయిలే సమాధానం.

ఫోన్‌లో రిమైండర్ ఇప్పుడే పెట్టుకోండి: జులై, ఆఖరి శుక్రవారం. ఆ రోజు ఏదీ పాడవకపోతే, థాంక్స్ చెప్పడానికి అంతకంటే మంచి కారణం ఉండదు. ఇంకో మాట, పార్టీకి పిలిచి "ఎలాగూ వచ్చారుగా, నా ఫోన్ కూడా ఓసారి చూడండి" అని మాత్రం అనకండి!