విమానాలకి ముందు ఒక టెంట్

‘ఆకాశం నీ హద్దురా’ని ప్రైమ్‌లో చూసి కళ్లు తుడుచుకున్నవాళ్లలో నేనూ ఉన్నా. సినిమాలో సూర్య ఎయిర్‌ఫోర్స్ మనిషి. కానీ ఆ కథకి మూలమైన కెప్టెన్ జి.ఆర్. గోపీనాథ్ పనిచేసింది ఆర్మీలో. ఈమధ్య ఆయన ఆత్మకథ ‘సింప్లీ ఫ్లై’ చదివా. విమానాల కంటే నాకు వాటికి ముందు సంగతులే నచ్చాయి.

ఆయనది కర్ణాటకలోని హాసన్ జిల్లా, గొరూరు. నాన్న బడిపంతులు. బిజాపూర్ సైనిక్ స్కూల్, ఎన్‌డీఏ, 1971 యుద్ధం... ఎనిమిదేళ్ల సర్వీసు తర్వాత 28 ఏళ్లకే ఆర్మీ వదిలేశారు. ఆఫీసర్లకి పెన్షన్ రావాలంటే మామూలుగా 20 ఏళ్ల సర్వీసు ఉండాలి. అంటే ఈయనకి అదీ లేదు. నాదీ దాదాపు అదే వయసు. మా టీమ్‌లో చేతిలో ఇంకో ఆఫర్ లేకుండా ఎవరూ పేపర్లు పెట్టరు, నాతో సహా!

హేమావతి డ్యామ్ కింద వాళ్ల పొలాలు మునిగిపోతే, బదులుగా ప్రభుత్వం జావగల్ దగ్గర మెట్ట భూమి ఇచ్చింది. (అవును, క్రికెటర్ శ్రీనాథ్ పేరులో ఉండే జావగలే.) మాజీ కెప్టెన్ అక్కడే టెంట్ వేసుకుని ఉండిపోయారు. కొబ్బరి, అరటి, తర్వాత పట్టుపురుగులు. పర్యావరణానికి హాని చేయని పట్టు సాగుకి 1996లో రోలెక్స్ అవార్డు వచ్చింది. మధ్యలో బుల్లెట్ బళ్ల డీలర్‌షిప్, టిఫిన్ హోటల్ కూడా నడిపారు. 1994లో అసెంబ్లీకి పోటీ చేసి ఓడిపోయారు. ఇవన్నీ లింక్డిన్‌లో పెడితే హెచ్ఆర్ వాళ్లు మొదటి రౌండ్‌లోనే పక్కన పడేస్తారు.

ఆర్మీ ఆయనకి ఇచ్చిన అసలు ఆస్తి మనుషులని నాకనిపించింది. హెలికాప్టర్ కంపెనీలో ఆయన భాగస్వామి కెప్టెన్ శామ్యూల్ కూడా ఆర్మీ నుంచి వచ్చిన పైలటే. 1997లో హెలికాప్టర్లు, 2003లో ఎయిర్ డెక్కన్. ఉచిత భోజనం లేదు, టికెట్లు నెట్‌లో, చిన్న ఊళ్లకి చిన్న విమానాలు. హైదరాబాద్–విజయవాడ తొలి ఫ్లైట్ బేగంపేటలో కదిలిందో లేదో ఇంజిన్‌లో మంటలొచ్చాయి. లోపల వెంకయ్య నాయుడు లాంటి పెద్దలున్నారు. అదృష్టం, అందరూ క్షేమంగా దిగారు. అయినా కంపెనీ నడిచింది. చివరికి నష్టాలు తట్టుకోలేక 2007లో కింగ్‌ఫిషర్‌కి వాటా అమ్మాల్సి వచ్చింది. తర్వాత పెట్టిన కార్గో కంపెనీ కూడా మూతపడింది. సినిమా మాత్రం గెలుపు దగ్గరే ఆగింది.

ఆయన ఆఫీసర్ కాబట్టి ఇన్నిసార్లు మొదలుపెట్టగలిగారా? కొంతవరకు అంతే అనుకుంటా. ఇంగ్లిష్, పరిచయాలు, బ్యాంకు మేనేజర్ కుర్చీ వేసి కూర్చోబెట్టే హోదా... ఇవి జవాన్లకి ఎక్కడివి? 15 ఏళ్ల సర్వీసుతో వాళ్లకి పెన్షన్ అయితే వస్తుంది. కానీ నలభై ఏళ్లకే మళ్లీ ఉద్యోగం వెతుక్కోవాలి. 2022లో వచ్చిన అగ్నిపథ్‌లో నాలుగేళ్ల తర్వాత 25 శాతం మంది వరకే కొనసాగుతారు. మిగతావాళ్లు పెన్షన్ లేకుండా, సుమారు 11.7 లక్షల సేవా నిధితో పాతికేళ్లకే ఇంటికొస్తారు. తాడేపల్లిగూడెం దగ్గరి మిలిటరీ మాధవరం లాంటి ఊళ్లకి ఇది లెక్క కాదు, జీవితం.

మా ఆఫీసు గేటు దగ్గర ఒక రిటైర్డ్ హవల్దార్ గారున్నారు. సిగ్నల్స్‌లో పదిహేడేళ్లు రేడియో సెట్లు చూసుకున్న మనిషి. ఇప్పుడు మా లాప్‌టాప్‌ల సీరియల్ నంబర్లు రాసుకుంటున్నారు. రెజ్యూమె ఉందా సార్ అనడిగితే డిశ్చార్జి బుక్ చూపించారు. పోయిన శనివారం క్యాంటీన్‌లో ఇద్దరం కూర్చుని రాయడం మొదలుపెట్టాం. మంచుకొండల్లో తెగిపోయిన లైను కలపడాన్ని ‘నెట్‌వర్క్ మెయింటెనెన్స్’ అని రాస్తే ఆయన నవ్వేశారు. రెండో పేజీలో ఉన్నాం ఇంకా.